పెద్దమ్మ స్లైడు, నా ఎంజైమ్

మా డిగ్రీ కాలేజీలో ఎంజైమ్‌ల పాఠం మొదలుపెట్టిన రోజున పిల్లలు నోట్సులో తాళం, తాళంచెవి బొమ్మ గీసుకుంటారు. పుస్తకంలో అదే ఉంటుంది. నేను ఆ బొమ్మ పక్కన పెట్టించి, మలేరియా క్రిమిలో ఉండే ఒక ఎంజైమ్ గురించి చెబుతాను. దాంతో నేను ఆరేళ్లు కాపురం చేశానంటే పిల్లలు నవ్వుతారు. నవ్వినా అది నిజం. దాని సంగతి చెబుతూ ఉంటే ఏదో ఒక చోట మా పెద్దమ్మ వచ్చి చేరుతుంది. ఆమెను తప్పించి ఆ కథ చెప్పడం నాకు చేతకాదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు తీరిక దొరకలేదని చెప్పేది. చిట్టమూరు మండలంలో ఒక ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, అక్కడే రిటైరైంది. ఊళ్లో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆమె టెస్టులమ్మే. మేము నాయుడుపేటలో ఉండేవాళ్లం. బస్టాండు దగ్గర నాన్నకు టైలరింగ్ షాపు ఉండేది. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే నన్ను బస్సెక్కించి పెద్దమ్మ దగ్గరికి పంపేసేవాళ్లు. ఇంట్లో ఉంటే కుట్టుమిషన్ల దగ్గర చేరి దారాలన్నీ చిక్కు చేస్తానని నాన్న భయం.

ఆసుపత్రిలో చివరి గది పెద్దమ్మది. ఉత్తరం వైపు కిటికీ, కిటికీ కింద బల్ల, బల్ల మీద మైక్రోస్కోప్. దానికి బల్బు లేదు. బయటి వెలుతురును అద్దంతో పట్టి లోపలికి పంపాలి. పొద్దున పది నుంచి పన్నెండు దాకా వెలుతురు నిలకడగా ఉంటుందని, ఆ రెండు గంటలూ ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. జ్వరంతో వచ్చినవాళ్ల వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తాన్ని రెండు పూతలుగా పూసేది. ఒకటి మందంగా, ఒకటి పలచగా. ఆరాక రంగు వేసి, కడిగి, చెక్క ట్రేలో నిలబెట్టేది. ఆ రంగు అంటుకుని ఆమె కుడిచేతి మూడు వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి. ఆదివారం చర్చిలో ప్రార్థనకు చేతులు జోడిస్తే ఆ నీలం వేళ్లు అందరికీ కనపడేవి. ఎందుకో నాకు అప్పుడు గర్వంగా ఉండేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు నన్ను స్టూలు మీద నిలబెట్టి మైక్రోస్కోప్‌లోకి చూడమంది.

"ఒక కన్ను మూసుకోబాక. రెండూ తెరిచే చూడాల. ఏం కనిపిస్తా ఉండాది?"

"గులాబీ రంగు చుక్కలు."

"అవి ఎర్ర కణాలు. వాటిల్లో యాడన్నా రాయి పొదిగిన ఉంగరం ఉండాదేమో వెతుకు."

మెడ నొప్పి పుట్టేదాకా వెతికాను. చివరికి ఒక కణం లోపల సన్నటి నీలం ఉంగరం, దాని మీద ఎర్రటి రాయి. అరిచేశాను. పెద్దమ్మ వంగి చూసి, నా భుజం తట్టి, రిజిస్టర్లో 'పీవీ' అని రాసుకుంది. మలేరియా క్రిముల్లో వైవాక్స్‌ను పీవీ అనీ, అంతకన్నా ప్రమాదమైన ఫాల్సిపారమ్‌ను పీఎఫ్ అనీ అనేవాళ్లు. అవి నాకు పలక మీద అక్షరాల్లా అలవాటైపోయాయి.

"అంత చిన్నది అంత పెద్ద మనిషిని ఎట్ట పడేస్తుంది పెద్దమ్మా?" అని అడిగాను.

"అదంతా తెలిస్తే నేను ఈడెందుకు కూర్చుంటా? నువ్వే పెద్ద చదువు చదివి నాకు చెప్పు."

నన్ను ఊరుకోబెట్టడానికి అన్న మాట అది. నేను నిజమేననుకున్నాను.

బయోకెమిస్ట్రీ చదివి, హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీకి చేరాను. నాకు దొరికిన ఎంజైమ్ పేరు లాక్టేట్ డీహైడ్రోజనేజ్. పేరు పొడుగే కానీ పని తేలికగానే చెప్పవచ్చు. ఎర్ర కణంలో దూరిన క్రిమికి తిండి మన రక్తంలోని చక్కెర. దాన్ని విరగ్గొట్టుకుని శక్తి తీసుకుంటుంది. విరగ్గొట్టాలంటే తోడుగా ఒక సహాయ అణువు కావాలి. అది ఒకసారి వాడగానే నిండిపోతుంది. ఎవరో దాన్ని ఖాళీ చేసి ఇస్తే తప్ప మళ్లీ పనికిరాదు. ఖాళీ చేసి ఇచ్చేదే ఈ ఎంజైమ్. ఆ పనిలోనే చక్కెర ముక్క లాక్టిక్ ఆమ్లంగా మారి బయటికి పోతుంది. ఈ ఎంజైమ్‌ను ఆపగలిగితే క్రిమికి తిండి ఉన్నా తినే దారి ఉండదు.

చిక్కేమిటంటే, మన ఒంట్లోనూ ఇలాంటి ఎంజైమే ఉంది. క్రిమిదాన్ని ఆపి మనదాన్ని వదిలేసే మందు కావాలి. రెండింటికీ తేడా ఎక్కడుందో తెలియాలంటే వాటి రూపం చూడాలి. ఆ రూపాన్ని నాకన్నా చాలా ముందే వేరే దేశాల వాళ్లు చూసేశారు. ఒక కొత్త మందు అణువు ఆ ఎంజైమ్ లోపలి గుంటలో ఎలా కూర్చుంటుందో చూడటం నా వంతుకు వచ్చింది. అలా చూడాలంటే ఎంజైమ్‌నూ మందునూ కలిపి స్ఫటికంగా పెంచాలి. స్ఫటికం మీద ఎక్స్-రే కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి లోపలి రూపాన్ని లెక్కగట్టాలి.

స్ఫటికం రాలేదు. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రేల్లో ఒక్కో చుక్క పెట్టి, మూత అంటించి, చల్లటి గదిలో ఉంచి, వారానికొకసారి చూసేదాన్ని. రెండేళ్లు అలాగే గడిచాయి. మూడో ఏట ఒక పొద్దున ఒక చుక్కలో పటికబెల్లం ముక్కల్లా మెరుస్తూ నాలుగు స్ఫటికాలు కనపడ్డాయి. ల్యాబ్ అంతా తిరిగి చెప్పాను. ఇంటికి ఫోన్ చేశాను. మా గైడు గారు వచ్చి, సన్నటి సూదితో ఒకదాన్ని నొక్కారు. టక్కుమని విరిగింది. నిజమైన ప్రొటీన్ స్ఫటికమైతే మెత్తగా చితికిపోవాలి. అది ఉప్పు.

ఆయన సూది పక్కన పెట్టేశారు. "పది రోజులు ఇంటికెళ్లి రామ్మా" అన్నారు. నేను హాస్టల్ గదిలో ఉన్నవన్నీ సర్దుకున్నాను. మళ్లీ రాకూడదనే సర్దుకున్నాను.

నాయుడుపేటలో రెండు రోజులకే అడిగినవాళ్లకు జవాబు చెప్పలేక విసుగొచ్చి పెద్దమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. ఆమె ఏమీ అడగలేదు. పొద్దున్నే ఉప్మా పెట్టి, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, నాతో రా" అంది. ఆసుపత్రిలో ఆ చివరి గది అలాగే ఉంది. మైక్రోస్కోప్ మాత్రం మారింది, దీనికి బల్బు ఉంది. దాని పక్కన మలేరియా కిట్ల డబ్బాలు. చుక్క రక్తం వేస్తే ఇరవై నిమిషాల్లో గీతలు పడే కిట్లు. పెద్దమ్మకు అవంటే పెద్దగా ఇష్టం లేదు. "గీత పడిందా లేదా చూసేదానికి నేనెందుకు?" అనేది. అయినా కిట్టూ పెట్టేది, స్లైడూ చూసేది. ఒక్కో స్లైడుకు చాలా సేపు తీసుకుంటోందని, మధ్యమధ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటోందని గమనించాను. వయసు అనుకున్నాను.

నేను వెళ్లిన నాలుగో రోజున ఒకామె గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో ఒక కాగితం.

"టెస్టులమ్మా, ఏం మాత్రలిచ్చినావు నువ్వు? పన్నెండు దినాలైనా ఆ పురుగు పోలేదంట గదా!"

ఆమె భర్త రోడ్డు పనికి ఏజెన్సీ ప్రాంతానికి వెళ్లి జ్వరంతో తిరిగి వచ్చినాడని, పన్నెండు రోజుల కిందట పెద్దమ్మే స్లైడులో పీఎఫ్ పట్టిందని, మూడు రోజుల మాత్రలు మింగినాడని తర్వాత తెలిసింది.

"జ్వరం వస్తా ఉండాదా?" అడిగింది పెద్దమ్మ.

"జ్వరం లేదు. నిలబడలేకుండా ఉండాడు, అన్నం పోవడం లేదు. నాయుడుపేటకు తీసకపోయి ల్యాబులో చూపిస్తే పాజిటివ్ అని రాసిచ్చినారు. కాలం దాటిపోయిన మందులిచ్చినారని ఊరంతా అంటా ఉండారు. రొయ్యల చెరువు కాడ పనికి కూడా రావద్దన్నారు."

"ఆయన యాడ?"

"బయట ఆటోలో ఉండాడు."

పెద్దమ్మ ముఖం చూడలేకపోయాను. ఆ ఊళ్లో ఆమె మాటను ఎవరూ కాదనగా నేను వినలేదు. ఆమె లేచి, ఆటో దగ్గరికే వెళ్లి అతని వేలు గుచ్చి రక్తం తీసుకొచ్చింది. పూసింది, ఆరబెట్టింది, రంగు వేసింది. మైక్రోస్కోప్ ముందు కూర్చుంది. గంట దాటింది. భార్యాభర్తలిద్దరూ వరండా బెంచీ మీద కూర్చుని మా గది వైపే చూస్తున్నారు.

"పాపా, తలుపు దగ్గరికి వేసి ఇట్ట రా" అంది పెద్దమ్మ. వెళ్లాను.

"నాకు ఒక్కటి కూడా కనపడలేదు. కానీ నా కండ్ల మీద నాకు నమ్మకం లేకుండా ఉండాది. నాలుగు నెలలుగా అన్నిటి మీదా పొగ కమ్మినట్టు ఉండాది. ఎవరికీ చెప్పలేదు. నువ్వు చూడు."

నా చిన్నప్పటి నుంచి ఆమె నన్ను ఏదీ సాయం అడగలేదు. కూర్చున్నాను. పలచటి పూతలో ఒక్కో చోటూ జరుపుకుంటూ చూశాను, మందపు పూతలో ఆమె నేర్పినట్టే లెక్కపెట్టుకుంటూ నూరు చోట్ల చూశాను. మళ్లీ మొదటి నుంచి చూశాను. క్రిమి లేదు.

"లేదు పెద్దమ్మా. నువ్వు చూసింది సరే."

"మరి ఆ ల్యాబులో?"

"కిట్టు పెట్టి ఉంటారు. మనమూ పెడదాం."

"పెడితే గీత వస్తాది. వాళ్లకు వచ్చింది గదా."

"రానీ. ఏ గీత వస్తుందో చూద్దాం."

కిట్టు తెరిచి ఆమే రక్తం చుక్క వేసింది. ఇంతలో డాక్టరమ్మ వచ్చింది. ఆ ఏడాదే ఉద్యోగంలో చేరిన చిన్న వయసు మనిషి. విషయం విని, నెల్లూరు పెద్దాసుపత్రికి రాసిచ్చేద్దామా అంది. ఇరవై నిమిషాలు ఆగమని నేనే అడిగాను. ముగ్గురం బల్ల చుట్టూ నిలబడ్డాం. కిట్టు సరిగ్గా పనిచేస్తోందని చెప్పే గీత ముందుగా వచ్చింది. కాసేపటికి దానికి కొంచెం దూరంగా ఇంకో గీత, లేత ఎరుపులో, మెల్లగా తేలింది. పెద్దమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మూడో గీత రావాల్సిన చోటు తెల్లగా ఉంది. ఇరవై నిమిషాలు నిండినా తెల్లగానే ఉంది.

నాకు నవ్వు ఆగలేదు. ఏడుపు కూడా వచ్చింది. పెద్దమ్మ నన్ను విచిత్రంగా చూసింది.

"పాత రిజిస్టర్ తియ్యి పెద్దమ్మా. పన్నెండు రోజుల కిందట ఎన్ని గీతలు వచ్చినాయో రాసినావా?"

రాసింది. ఆమె రాయనిది ఉండదు. పరీక్ష గీతలు రెండూ వచ్చినట్టు ఉంది.

"ఈ లేత ఎరుపు గీత పీఎఫ్ క్రిమి రక్తంలోకి వదిలే ఒక ప్రొటీన్‌ను పడుతుంది. క్రిమి చచ్చినా ఆ ప్రొటీన్ వారాల తరబడి రక్తంలో తిరుగుతానే ఉంటుంది. ఇదిగో, ఈ తెల్లగా ఉన్న చోట రావాల్సిన గీత పట్టేది నా ఎంజైమ్‌ను. క్రిమి బతికి చక్కెర తింటా ఉంటేనే అది ఉంటుంది. క్రిమి చస్తే కొద్ది రోజుల్లోనే పోతుంది. ఈ రోజు ఆ గీత లేదు. స్లైడులోనూ ఏమీ లేదు. నీ మాత్రలు పనిచేసినాయి."

డాక్టరమ్మ కిట్ల డబ్బాలో మడిచి పెట్టిన వివరాల కాగితం తీసి, ఆ చీమ తలకాయంత అక్షరాలన్నీ నిలబడే చదివింది. తలూపింది. బయటికి వెళ్లి అతని కంటి రెప్ప కిందికి లాగి చూసింది. "రక్తం బాగా తగ్గిపోయింది, నీరసం దానివల్లే" అని చెప్పి, ఐరన్ మాత్రలు రాసింది. వరసగా మూడు రోజులు స్లైడు తీయించమంది.

అతని భార్యకు ఈ గీతల గొడవ ఎక్కలేదు. "అయితే ఆ కాయితంలో పాజిటివ్ అని ఎందుకు రాసినారు?" అని మళ్లీ అడిగింది. నేను మొదలుపెట్టేలోగా పెద్దమ్మ అందుకుంది.

"ఇంట్లో చేపలు వండుకుని తింటారు గదా. తినేసి, గిన్నెలు కడిగేసినాక కూడా ఇంట్లో వాసన ఉంటాదా లేదా?"

"ఉంటాది."

"వాసన ఉండాదని పొయ్యి మీద ఇంకా చేపలుండాయని అనుకుంటావా?"

"లేవులే" అంది. కాగితం మడిచి కొంగున ముడి వేసుకుంది. ఎంజైమ్‌ల మీద నేను విన్న ఉపన్యాసాల్లో అంత పొట్టిగా, అంత తేటగా చెప్పినది మరొకటి లేదు.

రెండో రోజు అతను ఆటోలో వచ్చినాడు. మూడో రోజు మేమే వాళ్లింటికి వెళ్లాం. ఊరి మధ్య నుంచి నడిచే వెళ్దామంది పెద్దమ్మ. నలుగురూ చూడాలని కాబోలు. అతను మంచం మీద కూర్చుని పళ్లెంలో అన్నం కలుపుకుంటున్నాడు. అతని తల్లి మాకు మజ్జిగ ఇచ్చి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "ఏదో భయంతో అన్నాం, మనసులో పెట్టుకోబాకమ్మా" అంది. మూడు స్లైడుల్లోనూ ఏమీ కనపడలేదు. నెల తిరక్కముందే అతను చెరువు పనిలోకి వెళ్లినాడని పెద్దమ్మ ఫోన్‌లో చెప్పింది.

వాళ్లింటికి వెళ్లొచ్చిన సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చున్నప్పుడు, "ఇంతకీ నీ ఎంజైమ్ ఎట్టుంటాది?" అని అడిగింది. మూడేళ్లలో ఇంట్లోవాళ్లెవరూ ఆ మాట అడగలేదు.

"నీ రెండు చేతులూ పిడికిళ్లు పట్టు" అన్నాను. నా పిడికిళ్లు రెండూ వాటికి ఆనించాను. "ఇట్టా నాలుగు ఒకేలాంటివి అతుక్కుని ఉంటాయి. ప్రతిదాంట్లో ఒక గుంట. ముందు సహాయ అణువు వచ్చి దాంట్లో కూర్చుంటుంది. దాని వెనకే చక్కెర ముక్క వస్తుంది. రాగానే ఈ వేలు మూతలాగా దిగుతుంది. పని అయిపోగానే లేస్తుంది."

"మన దాంట్లోనూ అంతే గదా?"

"అంతే. కాకపోతే ఈ వేలు దండలో పూసలు గుచ్చినట్టు ఉంటుంది. క్రిమిదానికి ఐదు పూసలు ఎక్కువ. దానివల్ల గుంట కూడా కొంచెం వెడల్పు."

పెద్దమ్మ తన బొటనవేలిని చూపుడువేలి మీద అటూ ఇటూ కదిపి చూసుకుంది. "అయితే నీ మందు ఆ వెడల్పులో పట్టాల, మన దాంట్లో పట్టకూడదు. అంతేనా?"

నేను పద్దెనిమిది పేజీల్లో రాసుకున్న ప్రతిపాదన అంతే.

"మరి పట్టిందా?"

అప్పుడు చెప్పాను, ఉప్పు సంగతి. టక్కుమన్న సంగతి. ఇక తిరిగి వెళ్లకూడదనుకుంటున్న సంగతి. పెద్దమ్మ ఓదార్చలేదు. కాళ్లు చాపుకుని, "నేను చూసిన స్లైడుల్లో చానా వాటిల్లో ఏమీ లేదు. ఏమీ లేదని రాసేదానికి కూడా నూరు చోట్ల చూసే రాసినా. నువ్వు యాడిదాకా చూసినావు?" అని అడిగింది. లెక్క తెలుసుకోవడానికే అడిగింది. నేను ఆలోచించి చూసుకుంటే, చుక్కల్లో కలిపే ద్రావణాలు సగం కూడా ప్రయత్నించలేదు.

హైదరాబాదు వెళ్లేముందు ఆమెను నెల్లూరు తీసుకెళ్లి కళ్లు చూపించాను. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఉద్యోగం చేయనివ్వరేమోనని ఇన్నాళ్లూ దాచిపెట్టింది. ఆపరేషన్ అయ్యాక కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని కూర్చుని, తన గదిలో లెన్సు ఎవరు తుడుస్తున్నారో, గరుకు గుడ్డతో గీతలు పెట్టేస్తున్నారేమోనని ఒకటే గొణుగుడు.

మరుసటి ఏడు వానాకాలంలో నాకు స్ఫటికం వచ్చింది. ఆవగింజలో సగం కూడా లేదు. గైడు గారు అలాంటిదే ఇంకోదాన్ని సూదితో ముట్టుకుంటే చితికిపోయింది. ఎక్స్-రేలో చూస్తే మా మందు అణువు గుంట లోపలికి పోనేలేదు, వాకిట్లోనే వంకరగా ఆగిపోయింది. పైగా మనుషుల ఎంజైమ్‌ను కూడా ఆపుతోందని తేలింది. మందుగా అది పనికిరాదు. ఎందుకు పనికిరాదో తేల్చి రాయడానికే ఇంకో రెండేళ్లు పట్టింది.

నా పీహెచ్‌డీ వైవాకు పెద్దమ్మ రైలెక్కి వచ్చింది. అప్పటికి రిటైరై, మా అమ్మతోపాటు నాయుడుపేటలో ఉంటోంది. మీగడ రంగు చీర కట్టుకుని, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని చివరి వరసలో కూర్చుంది. వేళ్ల మీద నీలం పోయి మామూలు రంగు వచ్చేసింది, చూస్తే నాకు ఎవరి చేతులో అనిపించింది. తెర మీద నాలుగు రంగుల్లో ఎంజైమ్ బొమ్మ తిరుగుతున్నంతసేపూ ఆమె రెప్ప వేయలేదు.

తర్వాత క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం.

"అయితే మందు రాదా?" అంది.

"దీంతో రాదు పెద్దమ్మా."

"ఎందుకు రాదో సరిగ్గా రాసినావా?"

"రాశాను. ఒక అధ్యాయమంతా అదే."

"చాలు. ఇంకొకరు ఆ దారిన పోయి పొద్దుపుచ్చకుండా ఉంటారు."

సంచిలోంచి రుమాలు తీసి కొత్త కళ్లజోడు తుడుచుకుంది. కాఫీ ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, ఇక్కడ కాఫీలో పాలే ఉండవా అని అడిగింది.